క్లాసులో కొత్తగా టచ్ ప్యానెల్ పెట్టారు, వాడటం ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నారు. సెలవులు అయ్యి వచ్చేసరికి క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ బిగించి ఉంది. కంపెనీ మనిషి ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, బోలెడన్ని బటన్లు గబగబా నొక్కి చూపించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. పిల్లల ముందు తడబడితే చులకన అవుతామేమోనని దాని మీద వీడియోలు మాత్రం వేసి, అసలు పాఠం పాత బోర్డు మీదే చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్నాళ్ళు పడుతుంది, అసలు ఇదంతా అవసరమా అని అడిగారు.

సూటిగా జవాబు: బటన్లు నేర్చుకోవడం పక్కన పెట్టి, వచ్చే రెండు వారాల్లో చెప్పబోయే ఒక్క పాఠాన్ని ఎంచుకోండి. ఆ పాఠంలో సుద్దముక్కతో మీకు ఎప్పుడూ సరిగ్గా కుదరని చోటు ఒకటి ఉంటుంది. దానికి కావలసినంతే నేర్చుకోండి. మిగతాదంతా ప్రస్తుతానికి లేదనుకోండి. ఇలా నెలకు రెండు మూడు పాఠాలు చేసుకుంటూ పోతే ఒక టర్ము గడిచేసరికి చేయి అలవాటు పడిపోతుంది. అవసరమా అంటే, కొన్ని పాఠాలకు చాలా అవసరం, చాలా పాఠాలకు అక్కర్లేదు. ఏది ఏదో తేల్చగలిగేది మీరే, కంపెనీ మనిషి కాదు.

నేను చాలాకాలం ఫిజిక్స్, లెక్కలు చెప్పి, తర్వాత తోటి టీచర్లకు ఈ పరికరాల మీద ట్రైనింగ్ ఇచ్చే పనిలోకి వచ్చాను. నేను చూసినంతలో వీటిని వదిలేసే వాళ్ళెవరూ తెలివి తక్కువై వదిలేయరు. మెనూ మొత్తం ఒకేసారి మింగబోతారు, రెండు వారాలు ఉత్సాహంగా అన్నీ వాడతారు, ఒకరోజు ఏదో మొరాయిస్తుంది, ఇక దాని జోలికి పోరు. అచ్చమైన ఆరంభశూరత్వం.

మొదటి నెలకు మీకు కావలసినవి నాలుగే పనులు. పెన్‌తో రాయడం, చెరపడం, కొత్త పేజీ తీయడం, వెనక్కి వెళ్ళడం. ఇది ఒకటి. తెరను ఫ్రీజ్ చేయడం లేదా నల్లగా చేయడం రెండోది. రాసినదాన్ని సేవ్ చేసి మర్నాడు మళ్ళీ తెరవడం మూడోది. మీ ల్యాప్‌టాప్‌ను కలపడం నాలుగోది. స్పాట్‌లైట్, కర్టెన్, మ్యాజిక్ పెన్, బాణసంచా ఎఫెక్టులు, ఇవేవీ ఇప్పుడు ముట్టుకోకండి.

వీటిలో రెండోది చిన్నదనిపిస్తుంది కానీ నా లెక్కలో అదే ముఖ్యం. వెలుగుతున్న తెర ఉన్నంతసేపు పిల్లల కళ్ళు మీ మీద ఉండవు. మాట్లాడాలనుకున్నప్పుడు తెర నల్లబడాలి. చాలా రిమోట్లలో, ప్యానెల్ పక్క మెనూల్లో దీనికి బటన్ ఉంటుంది. పవర్‌పాయింట్ నడుస్తుంటే కీబోర్డు మీద బీ అక్షరం నొక్కితే చాలు, మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. ఫ్రీజ్ వేరు. తెర మీది బొమ్మ కదలకుండా నిలిచిపోతుంది, ఆ లోపల మీరు ల్యాప్‌టాప్‌లో తర్వాతి ఫైలు వెతుక్కోవచ్చు. మీరు ఫోల్డర్లు తిరగేస్తుంటే క్లాసంతా మీ డెస్క్‌టాప్ చదువుకునే పరిస్థితి తప్పుతుంది.

ఇక మీ లెక్కల సంగతి. ఒక పాఠం దగ్గరగా చూద్దాం. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అనే సిద్ధాంతం. సుద్దముక్కతో మనం ఒక వృత్తం గీస్తాం, వ్యాసం ఏబీ గీస్తాం, చాపం మీద సీ అనే బిందువు పెడతాం, కోణం 90 డిగ్రీలని చెబుతాం. పిల్లలు రాసుకుంటారు. సీ ఎక్కడున్నా అంతే అన్నది వాళ్ళకు మన నోటి మాటగానే మిగిలిపోతుంది, ఎందుకంటే బోర్డు మీది సీ కదలదు. ప్యానెల్ అవసరం సరిగ్గా అక్కడ. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టినది. అందులో ఇదే బొమ్మ గీసి సీ ని వేలితో వృత్తం మీద జరపవచ్చు.

అయితే జరిపేముందు ఆగండి. ముందు పిల్లలను అడగండి: సీ ని వ్యాసం కొసన ఉన్న 'ఏ' దగ్గరకు తెచ్చేస్తే కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి. పక్కవాడితో మాట్లాడకూడదు. చాలా క్లాసుల్లో దాదాపు సగం మంది తగ్గుతుందనే రాస్తారు, చూడటానికి త్రిభుజం సన్నబడిపోతుంది కదా. రాశాక జరపండి. అంకె 90 దగ్గరే ఉండిపోయినప్పుడు క్లాసులో వచ్చే కలకలం మీకు పాత బోర్డు ఇవ్వలేదు. ఊహించి రాయించకుండా ముందే జరిపి చూపిస్తే మాత్రం అది ఇంకో వీడియో అయిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, ముందే తెలుసుకోండి. జియోజీబ్రా కోణాన్ని గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో కొలుస్తుంది. సీ వ్యాసాన్ని దాటి కింది సగంలోకి వెళ్ళగానే అంకె టక్కున 270 కి మారుతుంది. సిద్ధాంతం తప్పిందని పిల్లలు గోల చేస్తారు. కోణం మీద నొక్కి సెట్టింగ్స్‌లో కొలత 0 నుంచి 180 డిగ్రీల మధ్యే ఉండేలా మార్చేస్తే సరిపోతుంది. ఒక మేడం మాత్రం దాన్ని కావాలనే మార్చకుండా వదిలేసి, ఇది 270 అని ఎందుకంటోంది అని పిల్లలనే అడిగారు. అక్కడినుంచి పరావర్తన కోణం (180 డిగ్రీల కంటే పెద్ద కోణం) మీదికి వెళ్ళిపోయారు. అనుభవం ఉన్న టీచరు చేతిలో పరికరం పడితే జరిగేది అదీ. అందుకే ఇరవై ఏళ్ళ తర్వాత నేర్చుకోవడం కష్టమేమో అన్న మీ బెంగ నాకు తలకిందులుగా కనిపిస్తోంది. పిల్లలు ఎక్కడ తప్పుతారో తెలిసినవాళ్ళకే ఎక్కడ జరపాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. బటన్లు ఎవరైనా నేర్చుకుంటారు.

చూపించడం అయ్యాక తెర ఆపేసి పాత బోర్డు దగ్గరకే వెళ్ళండి. కేంద్రం నుంచి సీ కి గీత గీసి, రెండు సమద్విబాహు త్రిభుజాలు చేసి, నిరూపణ చేత్తో, ఒక్కో వరుసా రాయండి. తెర నమ్మకం కలిగిస్తుంది, నిరూపించదు. పైగా నిరూపణకు కావలసిన నిదానం సుద్దముక్కకే ఉంది. పాత బోర్డు తీసేస్తామని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి. రెండూ పక్కపక్కన ఉన్న గదే మంచి గది.

ఇక చాలామంది పెద్దగా ఆలోచించని విషయం. ఇంటరాక్టివ్ అన్నారు కదా అని ఒక పిల్లాడిని పిలిచి బోర్డు మీద జవాబు లాగించడం, చప్పట్లు కొట్టించడం అందరూ చేసేదే. ఆ నిమిషంలో ఒక్కడు పనిలో ఉంటాడు, మిగతా నలభై మంది చూస్తూ కూర్చుంటారు. తెరను ముట్టుకున్నది ఎంతమంది అని కాదు, ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించింది ఎంతమంది అని లెక్క వేసుకోండి. ఈ బోర్డులు నిన్నమొన్న వచ్చినవేం కావు, మొదటి స్మార్ట్ బోర్డు 1991లోనే వచ్చింది. లండన్ సెకండరీ స్కూళ్ళలో వీటిని పెద్ద ఎత్తున పెట్టి, ఫలితాన్ని పరిశీలించిన నివేదిక 2007లో వెలువడింది. బోర్డులు వచ్చిన తొలి ఏడాదిలో పిల్లల మార్కుల మీద వాటి ప్రభావం కనబడలేదు. నాకు అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. పాఠం చెప్పే తీరు మారకుండా గోడ మీది వస్తువు మారితే మార్కులెందుకు మారతాయి?

అదే 1991లో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఇంకో దారి పట్టారు. పాఠం మధ్యలో ఆపి, ఆలోచింపజేసే ఒక ప్రశ్న, నాలుగు జవాబులు ఇస్తారు. ప్రతి విద్యార్థీ ముందు తనంతట తాను ఒకటి ఎంచుకోవాలి. సరైన జవాబు చెప్పినవాళ్ళు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవాళ్ళతో వాదించుకోమంటారు, తర్వాత మళ్ళీ ఓటు. అంతకంటే తక్కువైతే పాఠం మళ్ళీ చెప్పాలి, ఎక్కువైతే రెండు ముక్కలు చెప్పి ముందుకు పోవాలి. దీనికి చేతిలో అట్టముక్కలున్నా చాలు. యంత్రం చేసే సాయమల్లా ఆ ఓట్లను క్షణంలో లెక్కపెట్టి, ఎవరు ఏమన్నారో మీ ఒక్కరికే చూపించడం.

పిల్లల దగ్గర ఫోన్లు, ట్యాబ్‌లు లేకపోతే ప్లికర్స్ అనే యాప్ చూడండి. ఒక్కొక్కరికీ ఒక కాగితం కార్డు, దాని మీద క్యూఆర్ కోడ్ లాంటి నలుపు బొమ్మ. నాలుగు వైపులా సన్నటి అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తన జవాబు పైకి వచ్చేలా పిల్లాడు కార్డు పట్టుకుంటాడు, మీరు మీ ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒక్కసారి చూపు తిప్పినట్టు తిప్పుతారు. ప్రతి కార్డు బొమ్మా వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టే వీలు లేదు. కార్డులకు మెరిసే లామినేషన్ చేయించకండి, లైటు పడితే కెమెరా చదవలేదు. కాస్త మందపాటి మామూలు కాగితమే మేలు.

కహూట్ లాంటి పోటీ క్విజ్‌ల మీద నాకు కొంచెం అనుమానమే. పిల్లలకు చచ్చేంత ఇష్టం, నిజమే. కానీ మామూలుగా అందులో ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు. లెక్కల్లో నిదానంగా ఆలోచించే పిల్ల ప్రతిసారీ కిందే మిగిలిపోతుంది, రెండుసార్లు అయ్యాక ఏదో ఒకటి నొక్కేయడం నేర్చుకుంటుంది. వాడాలనుకుంటే టైమర్ పెంచండి, పాయింట్లు తీసేయండి, పదాలూ నిర్వచనాలూ గుర్తుచేసుకునే ప్రశ్నలకు మాత్రం పెట్టండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్లో గమనించింది ఏమిటంటే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే చాలు, జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు. కొత్త పరికరం ఆ 3 సెకన్లను కూడా మింగేసేలా ఉంటే దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

మొరాయింపుల సంగతికి వద్దాం, ఎందుకంటే మీ భయం అసలు దీని గురించే. తొంభై పాళ్ళు ఈ కిందివే.

బొమ్మ వస్తోంది, టచ్ పనిచేయడం లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మనూ శబ్దాన్నీ ల్యాప్‌టాప్ నుంచి ప్యానెల్‌కు తీసుకెళుతుంది. మీ వేలి స్పర్శ వెనక్కి ల్యాప్‌టాప్‌కు రావాలంటే యూఎస్‌బీ టచ్ కేబుల్ విడిగా కావాలి. ప్యానెల్ వెనకాల చదరంగా ఉండే సాకెట్ దగ్గర చాలాసార్లు టచ్ అని రాసే ఉంటుంది. ఆ రెండో వైరు ఎవరో ఊడబీకి దేనికో వాడుకుని ఉంటారు, ముందు అది చూడండి.

ప్యానెల్‌ను ముడితే ల్యాప్‌టాప్ తెర మీద కదులుతోంది. రెండు తెరలను ఎక్స్‌టెండ్ చేసినప్పుడు, అంటే రెండింటిలో వేర్వేరు బొమ్మలు వచ్చేలా పెట్టినప్పుడు, విండోస్‌కు ఏది టచ్ తెరో తికమక. కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సెటప్ నొక్కి, అది అడిగినప్పుడు ప్యానెల్‌ను ముట్టుకుంటే తేలిపోతుంది. తొందరగా కావాలంటే విండోస్ బటన్, పీ కలిపి నొక్కి డూప్లికేట్ పెట్టేయండి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది.

నిన్న రాసిన పేజీలు కనబడటం లేదు. చాలా ప్యానెళ్ళలో ఒకే పెట్టెలో రెండు కంప్యూటర్లుంటాయి. ప్యానెల్‌తోనే వచ్చే ఆండ్రాయిడ్ ఒకటి, వెనకాల అరలో దోపే విండోస్ కంప్యూటర్ ఇంకొకటి. ఆండ్రాయిడ్ వైట్‌బోర్డులో రాసింది విండోస్‌లో కనబడదు. ఏదో ఒకదానిలోనే రాయడం అలవాటు చేసుకుని, పోయేముందు పీడీఎఫ్‌గా పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి. వేరే గదిలో వేరే కంపెనీ ప్యానెల్ ఉంటే ఓపెన్‌బోర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మంచిది. మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది కాబట్టి గోడ మీద ఏ కంపెనీది ఉన్నా మీకు కనబడేవి అవే బటన్లు.

రాయకుండానే గీతలు పడుతున్నాయి. ఎక్కువ ప్యానెళ్ళు ఇన్‌ఫ్రారెడ్ రకం. అద్దానికి కొంచెం పైన కంటికి కనబడని కాంతి కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి, ఏది అడ్డొచ్చినా దాన్ని వేలు అనుకుంటుంది. వదులు చొక్కా చేయి, మెడలో వేలాడే ఐడీ కార్డు, అంచుకు అంటించిన స్టిక్కరు, ఏదైనా. పక్కన సుద్దముక్క బోర్డు ఉంటే కింది ఫ్రేమ్‌లో పొడి పేరుకుంటుంది, వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. రాసేటప్పుడు అరచేయి ఆనించకుండా, తెరకు ఒక పక్కగా నిలబడి రాయడం అలవాటు చేసుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్ అయితే ఇంకో సుఖం, ప్రత్యేకమైన పెన్ పోయినా పెన్సిల్ వెనక భాగంతో రాసుకోవచ్చు. మీది పాతకాలం ప్రొజెక్టరు రకమైతే ఎవరైనా ప్రొజెక్టరును కదిపిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ (పెన్ను తాకిన చోటే గీత పడేలా సరిచేయడం) చేయాలి. పెన్ను ఒకచోట, గీత ఒకచోట పడుతుందంటే అదే కారణం.

ఇంటర్నెట్ మీద ఆధారపడే పాఠం మొదట్లో పెట్టుకోకండి. జియోజీబ్రాను ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (ప్రయోగాలను తెర మీదే చేసి చూసే కదిలే బొమ్మలు) చాలావరకు డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా నడపవచ్చు. ఏదైనా మొరాయిస్తే రెండు నిమిషాలు ప్రయత్నించండి, అప్పటికీ కాకపోతే పాత బోర్డు వైపు తిరిగి పాఠం సాగించండి. పది నిమిషాలు క్లాసును కూర్చోబెట్టి కేబుళ్ళతో కుస్తీ పడితే పోయేది పరువు కాదు, ఆ పీరియడ్.

పిల్లలకు మీకన్నా ఎక్కువ తెలుసని రాశారు. వాళ్ళకు ఫోన్ తెలుసు, పాఠం తెలియదు. ఇద్దరిని వారానికోసారి మారుస్తూ సహాయకులుగా పెట్టుకోండి, ల్యాప్‌టాప్ కలపడం, పెన్ రంగు మార్చడం వాళ్ళ పని. "ఇది ఎలా వస్తుందిరా?" అని మీరు మామూలుగా అడిగేస్తే చులకన చేసే పిల్లలు అరుదు. పాస్‌వర్డులు మాత్రం వాళ్ళ ముందు టైప్ చేయకండి. ల్యాప్‌టాప్‌లో క్లాసు కోసం వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోండి, మెసేజ్‌ల నోటిఫికేషన్లు అందులో రానివ్వకండి. ఇంట్లోవాళ్ళ మెసేజ్ ఒకటి ఆరడుగుల తెర మీద తేలితే ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే. క్విజ్ యాప్‌లలో పిల్లల పూర్తి పేర్లు కాకుండా రోల్ నంబర్లు వాడండి.

రాత గురించి ఒక్క మాట. ఖాళీ గదిలో మామూలు సైజులో రెండు వరుసలు రాసి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుని చదవండి. మీ అక్షరం ఎంత పెద్దదవ్వాలో అక్కడే తెలుస్తుంది. కిటికీ వెలుగు తెర మీద పడే వేళలో ముదురు రంగు నేపథ్యం అద్దంలా మెరుస్తుంది, అప్పుడు తెల్ల నేపథ్యం మీద నలుపు వాడండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే అర్థం ఆధారపడేలా రాయకండి, ఆ రెండూ విడిగా కనబడని పిల్లలు ప్రతి పెద్ద క్లాసులోనూ ఉండే అవకాశం ఉంది.

లెక్కలు కాక వేరే సబ్జెక్టులవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక ఫిజిక్స్ సార్ సంగతి చెబుతాను. సర్క్యూట్ల పాఠం మొత్తం ఫెట్ సిమ్యులేషన్‌తో చేద్దామని వచ్చారు. ల్యాబ్‌లో బల్బులు, బ్యాటరీలు ఉన్నాయా అంటే ఉన్నాయన్నారు. అయితే ముందు వాటితోనే చేయించమన్నాను. శ్రేణిలో కలిపితే బల్బులు మసకగా ఎందుకు వెలుగుతున్నాయని పిల్లలు తలలు పట్టుకున్నాక అప్పుడు సిమ్యులేషన్ తెరిచారు. వైరులో ఎలక్ట్రాన్లు నెమ్మదించడం అందులోనే కనబడుతుంది, నిజమైన వైరులో కనబడదు. చేత్తో చేయగలిగింది చేత్తోనే చేయించాలి, కంటికి అందనిదాన్ని తెర మీదికి తేవాలి.

చివరగా, మళ్ళీ ట్రైనింగ్ అడగాలా అన్నారు. అడగండి, కానీ ఈసారి ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఎంచుకున్న పాఠం కాగితం మీద రాసి తీసుకెళ్ళి, "నాకు ఈ వృత్తం మీద ఈ బిందువు జరగాలి, జరిగేముందు పిల్లల జవాబులు నాకు కావాలి, ఆ రెండూ చేసి చూపించండి" అనండి. పెన్ ఆయన చేతిలో ఉండనివ్వకండి, మీరే పట్టుకుని చేయండి. ఆ తర్వాత అదే వారంలో ఖాళీ పీరియడ్‌లో ఒకసారి, వీలైతే ఇంకో లెక్కల టీచరును కూర్చోబెట్టి ఒకసారి చేసి, అప్పుడు క్లాసులోకి వెళ్ళండి. ఏ పాఠంతో మొదలుపెడుతున్నారో కింద రాస్తే, అందులో ఎక్కడ తెర వాడాలో, ఎక్కడ వద్దో నాకు తోచింది చెబుతాను.